గాలి బుడిపె

పోశయ్యకు మనుషుల పేర్లు యాదికుండయి, పండ్లు యాదికుంటయి. ఉప్పల్ రింగు రోడ్డు కాడ పొద్దున ఎనిమిదింటి బస్సెక్కి నాచారంల దిగేదాక ఆయన పని ఒక్కటే, చుట్టున్నోళ్ళ నోళ్ళు చూసుడు. మెడల కంపెనీ కార్డు ఏసుకున్న పిల్ల నవ్విందంటే, ముందటి పంటికి ఏసిన క్యాపు రంగు కలవలేదని పట్టేస్తడు. కండక్టరమ్మ ఒక్క దిక్కే నములుతున్నదంటే రెండో దిక్కు పుచ్చిందని తెల్సుకుంటడు. "గట్ల నోట్లెకు చూడకయ్యా, ఎవరన్న పట్టుకొని కొడతరు" అని ఆయన పెండ్లాం కౌసల్య తిట్టేది. ఊరందరి నోళ్ళు చూసిన ఈ మనిషి ఇంట్ల ఉన్న ఒక్క నోరు చూడలేకపోయిండు. నాకైతే తలుచుకుంటేనే మండుతది. ఆయన ముందట కూసున్నంక మాత్రం ఒక్క మాట అనబుద్ధి కాదు.

ఇప్పుడు ఆయనకు ఒక కొత్త అలవాటైంది. పనిచేసే కాడ బుడిపె కనవడితే కత్తి పట్టడు, ఫోను పడతడు. డాక్టర్లకు విసుగు, ఓనరుకు కోపం. "ఏం పోశయ్యా, రోజుకు పది ఫోన్లా? పిచ్చి లేచిందా?" అంటడు ఓనరు భూషణం సారు. పోశయ్య తల వంచుకొని వింటడు గని ఫోను మాత్రం చేస్తడు. ఆ బుడిపె ఏందో, ఆ ఫోను ఎందుకో చెప్తా, వినుండ్రి.

పోశయ్యది మోత్కూరు దిక్కు పల్లె. ఇరవై మూడేండ్లప్పుడు ప్లాస్టిక్ డబ్బాలు పోసే కంపెనీల పనికని నాచారం వచ్చిండు. ఆ కంపెనీ మూతవడితే అదే గల్లీల, మేడ మీదున్న భూషణం సారు ల్యాబుల చేరిండు. ల్యాబంటే రక్తం, ఉచ్చ చూసేది కాదు. చుట్టుముట్టు ఉన్న పండ్ల డాక్టర్లు రోగి నోట్ల మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసి ఈడికి పంపుతరు. ఆ కొలతల ప్లాస్టర్ పోసి ఆరబెడితే, ఆ మనిషి చిగురు ఎట్లుంటే అట్లనే తెల్లగ బయటకొస్తది. దాన్ని మోడల్ అంటరు. దాని మీద మైనం పెట్టి, పండ్లు పేర్చి, మైనం తీసేసి ఆ జాగల గులాబి రంగు ప్లాస్టిక్ పెట్టి ఉడకబెడితే కట్టుడు పండ్ల సెట్టు తయారైతది.

మొదటి దినం భూషణం సారు ఒక సన్న కత్తి చేతికిచ్చి చెప్పిండు. "సూడు పోశయ్యా, కొలత తీసేటప్పుడు ముద్దల గాలి చిక్కుతది. ఆ గాలి జాగల ప్లాస్టర్ నిండి, మోడల్ మీద చెమటకాయంత బుడిపె లేస్తది. అది నోట్ల ఉన్నది కాదు, ఉట్టి గాలి. ఉంచితే సెట్టు కూసోదు. కనవడ్డదా, అడగకు, గీకెయ్."

ముప్పై ఏండ్లు పోశయ్య ఎవరిని అడగలేదు. గీకిండు. ఆయన చేసిన మోడల్ నున్నగ ఉంటదని డాక్టర్లు మెచ్చుకునేటోళ్ళు. ఆ చెయ్యికి తగ్గట్టు నోరు గూడ పెరిగింది. "దేవుడిచ్చినయి ముప్పై రెండు, పోశయ్య ఇచ్చేటియి ఇరవై ఎనిమిది. దేవునివి పుచ్చుతయి, నావి పుచ్చయి" అనేటోడు. చాయి దుకాణంల ఎవరన్న పంటి నొప్పని దౌడ పట్టుకుంటే "పీకి పారెయ్ మామా, నేను లేనా" అనేటోడు. అందరు నవ్వేటోళ్ళు. ఆయన ఉట్టిగ అనలేదు, నిజంగనే అట్ల నమ్మిండు.

కౌసల్య గూడ నాచారంలనే, మందుల కంపెనీల ప్యాకింగు పని. చిన్నప్పుడు చేన్ల కలుపు తీసేటప్పుడు పంటి నొప్పి లేస్తే వాళ్ళవ్వ ఇంత పొగాకు నలిపి ఎడమ దౌడకు పెట్టిందంట. నొప్పి మొద్దుబారింది. నొప్పి పోయింది గని పొగాకు పోలే. కంపెనీ లోపల మూతికి గుడ్డ కట్టుకోవాలె గదా, అందుకని చాయి తాగతందుకు ఇడవంగనే ఆడోళ్ళంత గోడ పక్కకు పోయి చిటికెడు చిటికెడు దౌడకు పెట్టుకునేటోళ్ళు. పోశయ్య తిట్టేటోడు. "నీకు చాయి లేదా? నాకు గిది. ఊకో" అనేది. ఆమెతోని వాదన పెట్టుకొని గెలిచినోడు ఇంత వరకు లేడు.

ఆమె పండ్లు ఒక్కటొక్కటే పోయినయి. నొప్పి లేస్తే లవంగం. లవంగానికి తగ్గకపోతే గోలి. గోలికి తగ్గకపోతే పీకుడు. పండ్లకు పట్టిన గార తీపిచ్చుకుంటే పండ్లు కదులుతయని ఎవరో చెప్పిన్రు, వీళ్ళు నమ్మిన్రు. పండ్ల ల్యాబుల పనిచేసేటోని ఇంట్ల గిదా నమ్మకం? అడిగేటోళ్ళు లేక గని!

ఉప్పల్‌ల దవాఖానా పెట్టుకున్న డాక్టరమ్మ సత్యవేణి మేడం ఒక్కామె అడ్డం పడ్డది. ఆమెది కాకినాడ దిక్కు. వాళ్ళ నాన్న రైల్వేల చేసి ఈడనే ఇల్లు కట్టుకున్నడు. పోశయ్య చేతి పని తప్ప ఇంకొకరిది ఒప్పుకోదు. కౌసల్య నోరు తెరిపిచ్చి చూసి, "ఇంకా పదకొండు పళ్ళు గట్టిగా ఉన్నాయి పోశయ్యా. చిగుళ్ళ కింద గార శుభ్రం చేద్దాం. ఈ రెండిటికి రూట్ కెనాల్ చేసి క్యాపులు వేద్దాం. పొగాకు మాత్రం ఇవాళే మానెయ్యాలి. సొంత పన్ను ఉన్నంత సుఖం ఏ సెట్టుతోనూ రాదు" అన్నది.

పోశయ్య నవ్విండు. "పదకొండింటికి ఎన్నిసార్లు తిరుగుతం మేడం? అన్ని తీసెయ్యుండ్రి. నేను సెట్టు కడతా, మల్ల జిందగీల నొప్పి మాట ఉండది."

"మీకు మీ చేతి మీద అంత నమ్మకమా?"

"ముప్పై ఏండ్ల చెయ్యి మేడం."

మేడం కౌసల్య దిక్కు చూసింది. కౌసల్య పోశయ్య దిక్కు చూసింది. "ఆయన ఎట్లంటే గట్లనే" అన్నది.

పండ్లన్ని తీసేపిచ్చి చిగురు మానినంక, ఆ సెట్టు కోసం పోశయ్య ఇరవై దినాలు బువ్వ తినే గంట గూడ ఇడువలే. పెండ్లినాడు కౌసల్యకు పై వరుసల ఎడమదిక్కు పన్ను ఒకటి, పక్క పంటి మీదికి జర ఒరిగి ఉండె. ఆ పన్ను పోయి పదేండ్లు దాటింది. పోశయ్య దాన్ని అట్లనే, అంతే ఒరిగేటట్టు పెట్టిండు. భూషణం సారు చూసి "ఇదేందయ్యా, వంకర పెట్టినవు?" అంటే, "వంకర కాదు సార్, మా ఇంటామె" అన్నడు. ఇంటికి పోయి సెట్టు పెట్టి అద్దం చేతికిచ్చిండు. కౌసల్య చాన సేపు చూసుకున్నది. ఒరిగిన పంటి మీద వేలు పెట్టి, "గీ పన్ను నీకు యాదికున్నదా?" అని, అద్దం ఒళ్ళె పెట్టుకొని ఏడ్చింది. దమ్మాయిగూడకెల్లి బిడ్డ గౌతమి వీడియో కాలు చేస్తే, ఒక సకినం తెచ్చి ఫోను ముందట కటుక్కున కొరికి సూపెట్టింది. ఆ దినం పోశయ్య గల్లీల నడిచినట్టు ఏ మొగోడు నడవలే.

రెండేండ్లు మంచిగనే గడిచింది. నిరుడు బోనాలు అయిపోయినంక ఒకనాడు కౌసల్య అన్నం కాడ కూసొని, "కింద ఎడమదిక్కు సెట్టు గుచ్చుతుంది" అన్నది.

పోశయ్యకు ఇది అలవాటైన మాటే. కట్టుడు పండ్లు పెట్టుకున్నోళ్ళకు చిగురు మారుతది, సెట్టు అంచు ఒరుసుకుంటది, పుండైతది. ఆ అంచు జర అరగదీస్తే వారంల మానుతది. వేల సెట్లకు అట్లనే చేసిండు. కౌసల్య సెట్టు గూడ ల్యాబుకు తీస్కపోయి అరగదీసి, నున్నగ మెరుగు పెట్టి తెచ్చిచ్చిండు. "ఇగ చూడు, వారంల మటుమాయం" అన్నడు.

వారమైంది, మానలే. మల్ల అరగదీసిండు. బతుకమ్మ పండుగొచ్చింది, మానలే. మల్ల అరగదీసిండు. సెట్టు అంచుకు ఒక గాటు పడ్డది. అప్పుడన్న అనుమానం రావాలె గదా! రాలే. పుండు మీద అనుమానం రాలే, ఆయనకు ఆయన సెట్టు మీద అనుమానమొచ్చింది. అదే తప్పు. పండ్లు చేసేటోడు గాకపోతే ఏ మొగడన్న రెండో వారమే డాక్టరు కాడికి తీస్కపోయేటోడు.

సత్యవేణి మేడానికి ఏరేటోళ్ళ సెట్టు ఇయ్యవోయినప్పుడు మాటల్ల మాటగ చెప్పిండు. మేడం చేస్తున్న పని ఆపింది. "రెండు వారాల్లో మానని పుండు ఏదైనా సరే, నేను చూడాలి. నొప్పి ఉన్నా లేకపోయినా చూడాలి. ఆవిడ పొగాకు మానేసిందా?"

"తక్కువ చేసింది మేడం."

"రేపే తీసుకురండి పోశయ్యా. మర్చిపోకండి."

"తెస్తా మేడం" అన్నడు. మర్చిపోలే. కౌసల్యకు చెప్పిండు గూడ. "నువ్వు ఉండంగ డాక్టరు ఎందుకు? గామెకేం తెల్సు, సెట్టు కట్టినోనివి నువ్వు" అన్నది కౌసల్య. ఆ మాట పోశయ్యకు తియ్యగున్నది. లోపల ఇంకొకటి గూడ ఉండె. ముప్పై ఏండ్ల చెయ్యి అని ఎవరి ముందట గొప్ప చెప్పిండో, ఆమె ముందటనే తన సెట్టు తన పెండ్లాం నోరును కోసిందని ఒప్పుకోవాలె. ఆ ఒక్క సిగ్గుకు ఆయన సత్యవేణి మేడం మెట్లు ఎక్కలే.

దీపావళి దాటినంక ఒక ఐతారం, కొత్త సెట్టే కట్టేద్దామని ల్యాబుకెల్లి ముద్ద పొడి, ప్లాస్టర్ ఇంటికి తెచ్చిండు. కౌసల్యను దర్వాజ కాడ వెలుతుర్ల కూసోబెట్టి తనే కొలత తీసిండు. ముద్ద తగలంగనే ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. కొంగుతోని తుడుచుకున్నది. వాకిట్ల కూసొని ప్లాస్టర్ పోసి, ఎండినంక మోడల్ బయటకు తీసిండు. కింది వరుసల ఎడమదిక్కు ఒక బుడిపె ఉన్నది. మినప గింజంత ఉన్నది. అంచులు ఒంకర్లు టింకర్లుగ ఉన్నయి.

"చీ, ఇంత గాలా! ముద్ద సరిగ కలపలే నేను" అని తన మీద తనే గులిగిండు.

కౌసల్య పక్కన కూసొని చూస్తున్నది. మోడల్ చేతికి తీసుకొని ఆ బుడిపె మీద వేలు పెట్టింది. "గిదేంది గిక్కడ?"

"గాలి బుడిపె."

"గాలేనా?"

"ముప్పై ఏండ్ల సంది గీకుతున్న, నాకు తెల్వదా?" అని ఆమె చేతులకెల్లి మోడల్ గుంజుకొని, కత్తి మొనతోని ఒక్క గీకు గీకిండు. పొడి ఎగిరింది. బొటనవేలుతోని రుద్దిండు. నున్నగైంది. కౌసల్య ఒక పెద్ద ఊపిరి ఇడిచి, నవ్వి, చాయి పెడతనని లేచి పోయింది.

ఆ మోడల్ మీద కట్టిన సెట్టు ఎట్ల కూసుంటది? నోట్ల ఎత్తుగ ఉన్న జాగను ఆయన ప్లాస్టర్ల చదును చేసిండాయె. సెట్టు పోయి నేరుగ పుండు మీద ఒత్తింది. కౌసల్య పెట్టుకొని రెండు నిమిషాలు ఓర్చుకొని, తీసి గిన్నెల ఏసి, "రేపు పెట్టుకుంటలే" అన్నది. ఆ రేపు రాలే. జావ తాగుడు మొదలువెట్టింది. బువ్వ మెత్తగ పిసుకుకొని తినేది. అడిగితే "ఆకలి లేదు" అనేది. కంపెనీ కాడ మూతి గుడ్డ తీసుడు మానేసిందని, చాయి గూడ తాగుతలేదని తోటి ఆడోళ్ళు తర్వాత చెప్పిన్రు.

శివరాత్రికి ముందు గౌతమి వచ్చింది. అమ్మ మెడ కింద గడ్డ చూసింది. "నోరు తెరువమ్మా" అని ఫోను లైటు కొట్టి చూసి, అట్లనే ఫోను పట్టుకొని నిలవడ్డది. "నాయినా, ఇది సెట్టు చేసిన పుండు కాదు. నీకు దండం పెడతా, ఇప్పుడే తీస్కపోదాం" అన్నది.

సత్యవేణి మేడం అద్దం పెట్టి చూసింది, వేలు పెట్టి చూసింది, మెడ తడిమి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?" అనడిగింది. గౌతమి తండ్రి దిక్కు చూసింది. "ఏడు నెల్లు" అన్నడు పోశయ్య. మేడం ఒక్క మాట తిట్టలే. చేతి తొడుగులు తీసి, పెద్ద దవాఖానాకు చీటి రాసింది. ఆమె తిట్టినా బాగుండు.

ముక్క తీసి పరీక్ష చేసిన్రు. క్యాన్సర్ అన్నరు. పొగాకు పెట్టిన జాగలనే వచ్చిందన్నరు. పెద్ద దవాఖానా డాక్టరు ఒక కాగితం మీద కింది దౌడ బొమ్మ గీసి, ఎడమదిక్కు ఒక సున్న చుట్టి, "ఇక్కడ మొదలైంది, ఇప్పుడు దౌడ ఎముకలకు దిగింది. ఈ సగం తీసెయ్యాలె" అన్నడు. గౌతమి ఏడ్చింది. పోశయ్య ఆ సున్ననే చూస్తున్నడు. ముప్పై ఏండ్లు దౌడలతోని బతికినోనికి ఆ జాగ ఎక్కడో ఇంకొకరు చెప్పాల్నా?

తెల్లారి ల్యాబుకు పోయిండు. ఆమె మోడల్ పారేయలే, తన అరల దాచుకున్నడు. తీసి కిటికీ కాడ పట్టిండు. చిగురంత సన్నసన్న గీతలతోని గరుకుగ ఉన్నది, ప్రాణమున్న నోరు ఎట్లుంటదో అట్ల. ఎడమదిక్కు ఒక్క జాగ మాత్రం నున్నగ ఉన్నది. డాక్టరు సున్న చుట్టిన జాగనే. పోశయ్య మోడల్ పట్టుకొని అట్లనే కింద కూసున్నడు. భూషణం సారు నీళ్ళు తెచ్చిండు. "ఏమైంది, ఏమైంది" అంటున్నడు. పోశయ్య మోడల్ చూపెట్టి, "గాలి కాదు సార్, గాలి కాదు" అన్నడు. సారుకు అర్థం కాలే.

ఆపరేషన్ రోజు బయట సత్యవేణి మేడం గూడ వచ్చి కూసున్నది. పోశయ్య ఆమె ముందట నేల మీద కూసొని అడిగిండు. "మేడం, మీరు తెమ్మన్న దినమే తెస్తే?"

"అబద్ధం చెప్పలేను పోశయ్యా. అప్పుడైతే బహుశా చిన్న ఆపరేషన్‌తో అయిపోయేది" అన్నది. అని, ఆయన భుజం మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కింద పోశయ్య చిన్న పోరని లెక్క వెక్కివెక్కి ఏడ్చిండు.

ఎడమ దౌడ తీసేసినంక కౌసల్య మాట ఎవరికి అర్థం కాకపోయేది. అక్షరాలన్ని ముద్దముద్దగ, సగం గాలి, సగం ఉమ్మి. బిడ్డకు గూడ తెల్వకపోయేది. పోశయ్యకు ఒక్కనికే తెల్సేది. ఏ అక్షరానికి నాల్క ఎక్కడ తగులుతదో, పెదవి ఎట్ల కదులుతదో ఆయనకు తెల్సు, పండ్లు పేర్చేది ఆ లెక్కతోనే. ఆమె అంటే ఆయన అందరికి చెప్పేటోడు. "దుప్పటి కప్పుమంటున్నది." "ఫ్యాను తగ్గియ్యుమంటున్నది." "గౌతమి తిన్నదా అంటున్నది."

చుట్టాలు చూడవచ్చిన్రు. కౌసల్య వదిన శ్యామలమ్మ మంచం కాడ కూసొని, మెల్లగ అనుకుంటనే అందరికి ఇనవడేటట్టు, "డాక్టరుకు చూపియ్యక ఇంట్ల సెట్టు కట్టి ఆమె నోరు కోసిండు" అన్నది. పోశయ్య దర్వాజ కాడ నిలవడి విన్నడు. కౌసల్యకు కోపమొచ్చింది. మంచం పట్టె మీద చెయ్యితోని దబదబ కొట్టి, మెడ నరాలు లేసేటట్టు ఏదో అన్నది.

"ఏమంటున్నది?" అనడిగింది శ్యామలమ్మ.

అందరు పోశయ్య దిక్కు తిరిగిన్రు. చెప్పక తప్పలే. "సెట్టు మంచిగుండె అంటున్నది" అన్నడు. కౌసల్య ఇంకా ఏదో అన్నది. "ఆయన చెయ్యి మంచిది అంటున్నది" అన్నడు. తన గొప్ప తన నోటితోనే చెప్పవలసొచ్చింది పాపం! ఆ మాట అనుకుంట ఆయన గోడ పట్టుకున్నడు.

ఎవరొచ్చినా ఇదే కత. కౌసల్య మొదటి సెట్టు, ఆ ఒరిగిన పన్ను ఉన్నది, దిండు కింద పెట్టుకున్నది. చూడవచ్చినోళ్ళకు తీసి చూపెట్టేది. పోశయ్య చెప్పేటోడు. చెప్పిన ప్రతిసారి బుడిపె మాట గొంతు దాక వచ్చి ఆగేది. ఆమెకు చెప్పాలె. ఆమె పోకముందు చెప్పాలె. నేను నీ జబ్బును చేతిల పట్టుకొని, గాలి అని గీకిన కౌసల్యా, అని ఒక్కసారన్న చెప్పాలె. నువ్వు నన్ను ఎన్కేసుకొని రాకు, నేను ఆ మాటకు తగినోన్ని కాదు అని చెప్పాలె. తెల్లారి చెప్తా అనుకునేటోడు. తెల్లారంగనే ఆమె మొఖం చూసి, మాపటికి చెప్తా అనుకునేటోడు.

కరెంటు పెట్టిచ్చిన్రు, అదే క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్. నాలుగు నెల్లు జర తేరుకున్నది. మల్ల మెడల గడ్డ లేచింది. ఈసారి డాక్టర్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. ముక్కుల పైపు, ఆ పైపుల పాలు, జావ. మనిషి పక్కకు తిప్పితే తిరుగుతున్నది, అంతే.

ఇగ ఆగితే ఆమె ఉండదని పోశయ్యకు తెల్సిపోయింది. ఒక సోమారం పగటీలి, గౌతమి వంటింట్ల జావ కాస్తుంటే, ల్యాబుకెల్లి తెచ్చిన మోడల్ పట్టుకొని మంచం పక్కన నేల మీద కూసున్నడు. కౌసల్య కండ్లు తెరిచి చూసింది.

"కౌసల్యా, నేనొక తప్పు చేసిన" అన్నడు. ఆమె చెయ్యి పట్టుకొని, మోడల్ మీద ఆ నున్నటి జాగల ఆమె వేలు పెట్టిండు. "ఈడ ఒక బుడిపె ఉండె. ఆ ఐతారం. అది గాలి కాదే. అది నీ పుండు. నాకు కనవడ్డది. చేతిలకు వచ్చింది. నేనే గీకి పారేసిన. ఆ దినమన్న తీస్కపోతే నువ్వు..." అని ఆమె చెయ్యి మీద తల పెట్టి ఏడ్చిండు. "నన్ను తిట్టు. జర తిట్టవే. అందరికి సెట్టు మంచిదని చెప్పకే, నేను సస్తున్న."

కౌసల్య తిట్టలే. రెండో చెయ్యి మెల్లగ లేపి ఆయన నెత్తి మీద పెట్టింది. ఆ తర్వాత, ఆగి ఆగి, ముద్దముద్దగ మాట్లాడింది. లోకంల ఇంకెవరికీ తెల్వని ఆ మాట ఆయనకు అక్షరం అక్షరం తెల్సింది.

"నాకు తెల్సు. ఆ గడ్డ నాల్కెకు తగిలేది. దినాం తగిలేది. మస్తు భయమయ్యేది. నీ చేతిల బొమ్మ మీద గూడ అదే జాగల చూసిన. ఇగ ఇదేదో ఉన్నది, నీకు చెప్పి దవాఖానాకు పోదామనుకున్న. నువ్వు గాలి అన్నవు. గీకినవు, పోయింది. నీకు తెల్వంది ఉంటదా అనుకున్న. నా పానం నిమ్మళమైంది. ఆ దినం చాయి ఎంత మంచిగున్నదో!"

ఆమె ఓదార్చుడు గదే. నీ మీద నాకు అంత నమ్మకం ఉండె, ఫికర్ చెయ్యకు అని చెప్పబోయింది, పిచ్చి తల్లి. పోశయ్య తల లేపలే. ఆ ఒక్క గీకు మోడల్ మీద బుడిపెనే తియ్యలే, ఆమె భయాన్ని గూడ తీసింది. ఆ భయం ఒక్కటి ఉన్నా ఆమె బతికేది.

గౌతమి జావ గిన్నె పట్టుకొని దర్వాజ కాడికి వచ్చింది. తండ్రి ఏడుస్తున్నడు, తల్లి మాట్లాడుతున్నది. "అమ్మ ఏమంటున్నది నాయినా?" అనడిగింది.

పోశయ్య నోరు తెరిచిండు. బిడ్డ మొఖం చూసిండు. ఆ బిడ్డ ఇన్ని నెల్ల సంది అందరితోని తండ్రి కోసం కొట్లాడుతున్నది. నిజం నాల్క మీదికి వచ్చింది, మల్ల లోపలికి పోయింది.

"సెట్టు మంచిగుండె అంటున్నది బిడ్డా" అన్నడు.

కౌసల్య ఆయన దిక్కు ఒక్క క్షణం చూసింది. అటెన్క బిడ్డ దిక్కు తిరిగి, అవునని తల ఊపింది.

ఆ మాటకు పన్నెండో దినం కౌసల్య పోయింది. స్నానం చేపిచ్చేటప్పుడు ఆడోళ్ళు సెట్టు పెడుదమని చూసిన్రు. కిందిది పెట్టతందుకు దౌడ లేకపాయె. పైది ఒక్కటి పోశయ్యే పెట్టిండు. ఒరిగిన పన్ను పెదవి సందుల కనవడ్డది.

ఆ తర్వాతనే ఈ ఫోన్ల పిచ్చి మొదలైంది. ముప్పై ఏండ్లల్ల ఎన్ని బుడిపెలు గీకిండో, అండ్ల ఎన్ని గాలివో, ఎన్ని కావో ఆయనకు తెల్వదు. ఇప్పుడు చెమటకాయంత కనవడినా ఫోను చేసి, "మేడం, జర ఆ మనిషిని పిలిచి ఒక్కసారి వేలు పెట్టి చూడుండ్రి" అంటడు. వాళ్ళు చూసి చెప్పేదాక ఆ మోడల్ పక్కకు పెట్టి, చేతులు కట్టుకొని కూసుంటడు.

గౌతమి మాత్రం ఎవరన్న సెట్టు సంగతి ఎత్తితే కస్సుమంటది. మా అమ్మ పొయ్యేముందు నా ముందటనే అన్నది, నేను నా చెవులతోని విన్న, సెట్టు మంచిగుండె అన్నది అని చెప్తది. పోశయ్య పక్కనే ఉంటే, లేచి బయటకు పోతడు.